నల్ల ముద్ద ఎవరిది? ముడి చమురు పుట్టిల్లు రసాయన పరీక్షలో ఎలా బయటపడుతుంది

కువైట్‌లోనో దమ్మామ్‌లోనో పనిచేసి వచ్చిన మనిషి లేని వీధి మన బస్తీల్లో తక్కువే. కడప, రాయచోటి వైపు అయితే చెప్పనే అక్కర్లేదు. అక్కడి నేల కింద నుంచి తోడిన చమురు ఓడలెక్కి మన విశాఖపట్నం రిఫైనరీ దాకా వస్తుంది. కువైట్‌దైనా, బస్రాదైనా, సౌదీదైనా మన కంటికి అంతా ఒకటే. నల్లగా, జిడ్డుగా, ఘాటు వాసనతో ఉంటుంది. ఒక సీసాలో ఇరాక్ క్రూడ్, ఇంకో సీసాలో సౌదీ క్రూడ్ పోసి ఎదురుగా పెడితే ఏది ఏదో మనం చెప్పలేం.

రసాయన శాస్త్రవేత్త మాత్రం చెప్పగలడు. ఆ చమురు సముద్రంలో నెలల తరబడి తేలి, ఎండకు ఎండి, ఇసుకలో పొర్లి చివరికి తారు ముద్దగా మారి ఒడ్డుకు చేరినా చాలాసార్లు చెప్పగలడు. ఇదేదో సరదా కోసం చేసే పరీక్ష కాదు. ఒడ్డుకు నూనె కొట్టుకొచ్చిందంటే చేపల వేట ఆగిపోతుంది, వలలు పాడవుతాయి, రొయ్యల చెరువులకు నీళ్ళు తోడుకోలేరు. నష్టపరిహారం అడగాలంటే ముందు ఆ నూనె ఎవరిదో తేలాలి. ఆ దారిన వెళ్ళిన ప్రతి ఓడా "మాది కాదు" అనే అంటుంది. అందులో నిజంగానే ఏ తప్పూ చేయని ఓడలు కూడా ఉంటాయి. వాటిని కాపాడేదీ ఈ పరీక్షే.

చార్మినార్ దగ్గర అత్తరు దుకాణానికి వెళ్ళిన వారికి ఇది త్వరగా అర్థమవుతుంది. పాత అత్తర్ వాలా చేతి వెనుక ఒక చుక్క రాసి వాసన చూసి, ఇందులో గులాబీ ఎంత, చందనం ఎంత, ఊద్ ఉందా లేదా అని చెప్పేస్తాడు. అత్తరు అనేది ఒకే వస్తువు కాదు, ఎన్నో వాసనల కలయిక. ముడి చమురు కూడా అంతే. అందులో వేల రకాల అణువులు ఉంటాయి. ఏ రకం ఎంత పాళ్ళలో ఉంది అన్నది ఒక బావికీ ఇంకో బావికీ ఒకేలా ఉండదు. శాస్త్రవేత్తలు దీన్నే చమురు వేలిముద్ర అంటారు.

మరి ఈ తేడాలు ఎలా వచ్చాయి?

ముడి చమురు ఒకప్పటి జీవరాశి. కోట్ల ఏళ్ళ కిందట సముద్రాల్లో, సరస్సుల్లో బతికిన నాచు, సూక్ష్మజీవులు చచ్చి అడుగుకు చేరాయి. కొన్ని చోట్ల నదులు మోసుకొచ్చిన ఆకులు, మాను ముక్కలు కూడా వాటితో కలిశాయి. పైన బురద పేరుకుని, ఆ బరువుకూ భూమి లోపలి వేడికీ అవన్నీ ఉడికి నూనెగా మారాయి. ఉడికినా కొన్ని అణువులు తమ ఎముకల గూడును పోగొట్టుకోలేదు. ఈ సంగతి మొదట గట్టిగా నిరూపించింది ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. 1930ల్లో ఆయన ముడి చమురులో పార్ఫిరిన్లు అనే అణువులను పట్టుకున్నాడు. ఆకుల్లోని పచ్చదనానికి కారణమైన క్లోరోఫిల్‌ది ఏ గూడో, వీటిదీ అదే గూడు. కాకపోతే ఆకులో మధ్యన మెగ్నీషియం కూర్చుంటుంది, చమురులో ఆ చోటును వెనేడియమో నికెలో ఆక్రమించింది. చమురు ప్రాణుల నుంచే పుట్టిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇలాంటి అణువులను ఇప్పుడు బయోమార్కర్లు అంటున్నారు. బ్యాక్టీరియా ఒంటి పొరల్లో ఉండే పదార్థాల నుంచి హోపేన్లు వచ్చాయి. మన ఒంట్లోని కొలెస్టరాల్ కుటుంబానికి చెందిన పదార్థాలు నాచులో కూడా ఉంటాయి, వాటి నుంచి స్టెరేన్లు వచ్చాయి. పూలు పూసే మొక్కల నుంచి ఒలియనేన్ అనే ఇంకో అణువు వచ్చింది. ఈ చివరిదాని కథ బాగుంటుంది. పూల మొక్కలు భూమి మీద విస్తరించింది డైనోసార్ల చివరి కాలంలోనే. కాబట్టి ఒక చమురులో ఒలియనేన్ దండిగా కనిపిస్తే అది అంతకంటే పాతది కాదని అర్థం. నైజీరియాలో నైజర్ నది డెల్టా చమురులో ఇది బాగా ఉంటుంది. జురాసిక్ కాలపు సున్నపురాళ్ళలో పుట్టిన సౌదీ చమురులో దీన్ని వెతకడం దండగ.

గల్ఫ్ చమురుకు ఉన్న ఇంకో గుర్తు గంధకం. అరబ్ లైట్ రకంలో గంధకం 2 శాతానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది, అరబ్ హెవీలో 3 శాతానికి దగ్గరగా. ఉత్తర సముద్రపు బ్రెంట్ రకంలో అర శాతం కూడా ఉండదు. ఎందుకంటే, బంకమట్టి ఉన్న చోట ఇనుము ఉంటుంది, ఆ ఇనుము గంధకాన్ని తనవైపు లాక్కుని రాయిగా మారిపోతుంది. గల్ఫ్ కింద ఉన్నది ఎక్కువగా సున్నపురాయి. అక్కడ ఇనుము తక్కువ. లాక్కునే వాళ్ళు లేక గంధకం నూనెలోనే ఉండిపోయింది. రిఫైనరీ వాళ్ళు గల్ఫ్ క్రూడ్‌ను శుభ్రం చేయడానికి అంత ఖర్చు పెట్టడం వెనుక కోట్ల ఏళ్ళ కిందటి ఈ బురద కథ ఉంది.

ఇక పరీక్ష ఎలా చేస్తారో చూద్దాం. ప్రయోగశాలలో కావలసింది గ్యాస్ క్రొమటోగ్రఫీ, దానికి తగిలించిన మాస్ స్పెక్ట్రోమీటర్. మొదటి దానిలో వెంట్రుక అంత సన్నని గొట్టం ఉంటుంది, పొడవు 30 మీటర్లో 60 మీటర్లో. దాన్ని చుట్టగా చుట్టి ఓవెన్‌లో పెడతారు. ఒక బొట్టులో వందో వంతు కూడా లేని నూనెను ద్రావకంలో కలిపి అందులోకి ఎక్కించి, నెమ్మదిగా వేడి పెంచుతారు. తేలికైన అణువులు ముందు పరుగెత్తుతాయి, బరువైనవి వెనుక వస్తాయి. గొట్టం చివర రెండో యంత్రం ఒక్కోదాన్ని ముక్కలు చేసి ఆ ముక్కల బరువు తూస్తుంది. హోపేన్లు పగిలితే 191 బరువున్న ముక్క పడుతుంది, స్టెరేన్లు పగిలితే 217. కంప్యూటర్ తెర మీద కొండల వరుసలా గీత వస్తుంది. అనుమానం ఉన్న ఓడ నూనె గీతనూ ఒడ్డున దొరికిన ముద్ద గీతనూ పక్కపక్కన పెట్టి, ఏ శిఖరం ఏ శిఖరానికి ఎంత ఎత్తులో ఉందో లెక్క కడతారు. కళ్ళతో చూసి "ఒకేలా ఉన్నాయి" అంటే ఒప్పుకోరు, పదుల కొద్దీ నిష్పత్తులు సరిపోవాలి.

సముద్రంలో పడ్డ చమురు మారిపోదా అని అడగొచ్చు. మారుతుంది, బాగా మారుతుంది. మళ్ళీ అత్తరు దగ్గరకే వెళ్దాం. రాసుకున్న పది నిమిషాలకు పై వాసన ఎగిరిపోతుంది, ఊద్ మాత్రం ఉతికినా షేర్వానీని వదలదు. చమురులో తేలిక భాగం మొదటి కొద్ది రోజుల్లోనే గాలిలో కలిసిపోతుంది. పొడవాటి గొలుసుల్లాంటి అణువులను సూక్ష్మజీవులు తినేస్తాయి. ఎండ కొన్నింటిని విరగ్గొడుతుంది. హోపేన్లు మాత్రం ఉంగరాలు ఉంగరాలుగా అల్లుకుని ఉండటంతో ఆ జీవులకు త్వరగా కొరుకుడు పడవు. అందుకే వేలిముద్ర చదివేటప్పుడు వాటి మీదే ఎక్కువ ఆధారపడతారు. పోయేవి ఎంత పోయాయో లెక్క వేయడానికి కూడా పోకుండా మిగిలిన హోపేన్‌నే కొలబద్దగా పెట్టుకుంటారు.

ఈ విద్య సత్తా, దాని చిక్కులు రెండూ ఒకేచోట కనిపించిన కేసు అమెరికాలోని అలాస్కాది.

1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ అనే ట్యాంకర్ అక్కడి ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలో రాతి తిన్నెకు కొట్టుకుంది. సుమారు 1 కోటి 10 లక్షల గ్యాలన్ల చమురు, అంటే 4 కోట్ల లీటర్లకు పైగా, నీళ్ళలో కలిసింది. 2 వేల కిలోమీటర్లకు పైగా తీరం మురికైంది. సాల్మన్, హెర్రింగ్ చేపల మీద బతికే కుటుంబాలు వీధిన పడ్డాయి. ఇక్కడ దోషి ఎవరో అందరికీ తెలుసు, ఓడ కళ్ళ ముందే ఉంది. మరి రసాయన పరీక్ష ఎందుకు? ఏ తీరాన ఉన్న నూనె ఆ ఓడది, ఏది కాదు, నష్టం ఎంత దూరం పాకింది అని తేల్చడానికి.

అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త కీత్ క్వెన్‌వోల్డెన్, ఆయన సహచరులు ఆ తీరాల్లో తిరిగి తారు ముద్దలు ఏరారు. పరీక్షిస్తే వింత బయటపడింది. చాలా ముద్దలు ఎక్సాన్ వాల్డెజ్ నూనెతో కలవలేదు. కార్బన్‌లో తేలిక రకం, బరువు రకం అని రెండు ఉంటాయి. ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక కొలతతో పోలిస్తే ఓడ నూనెలో బరువు కార్బన్ వెయ్యికి 29 పాళ్ళు తక్కువ ఉంది. ఈ ముద్దల్లో మాత్రం 24 పాళ్ళే తక్కువ. వినడానికి చిన్న తేడా. కానీ ఈ కొలతలో పొరపాటు అర పాలు కూడా ఉండదు, కాబట్టి 5 పాళ్ళ తేడా అంటే వేరే ఇల్లు అనే అర్థం. బయోమార్కర్లు కూడా అదే మాట చెప్పాయి. ముద్దల గీత వేల మైళ్ళ దూరంలో ఉన్న కాలిఫోర్నియా మాంటెరీ రాతిపొరల చమురుతో సరిపోయింది.

కాలిఫోర్నియా నూనె అలాస్కా ఒడ్డున ఏం చేస్తోంది? జవాబు చరిత్రలో దొరికింది. 1964 మార్చి 27న అలాస్కాలో 9.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. వాల్డెజ్ రేవు ఊరు ధ్వంసమైంది, అక్కడి నిల్వ ట్యాంకులు పగిలి తారు, నూనె సముద్రంలోకి పోయాయి. అలాస్కా ఉత్తర తీరపు ప్రూడో బే చమురు దొరికింది 1968లో. అంతకుముందు అక్కడి రోడ్లకు వేసే తారు ఓడల్లో కాలిఫోర్నియా నుంచి వచ్చేది. పాతికేళ్ళ కిందట భూకంపం చిందించిన తారు, కొత్త ప్రమాదం పేరు మీద లెక్కలోకి రాబోయిందన్న మాట.

దీని వల్ల కంపెనీ తప్పించుకుందా అంటే, లేదు. ఆ ఓడ నూనె ఏదో కూడా అదే పరీక్ష అంతే గట్టిగా చెప్పింది. 2001లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఆ తీరాల్లో దాదాపు 9 వేల గుంటలు తవ్వి చూస్తే, పైకి శుభ్రంగా కనిపించే గులకరాళ్ళ కింద ఎక్సాన్ వాల్డెజ్ నూనె ఇంకా జిగటగానే ఉంది. పన్నెండేళ్ళ తర్వాత! శిక్షాపరిహారంగా 1994లో జ్యూరీ 500 కోట్ల డాలర్లు వేసింది. అప్పీళ్ళ మీద అప్పీళ్ళు నడిచి 2008లో సుప్రీంకోర్టు దాన్ని సుమారు 50 కోట్ల 75 లక్షల డాలర్లకు దించింది. ఈ పందొమ్మిదేళ్ళలో కక్షిదారుల్లో ఎంతోమంది చనిపోయారు. రసాయన శాస్త్రం వేగంగానే జవాబు చెప్పింది, ఆలస్యం చేసింది కోర్టులు.

ఇదే కేసులో ఇంకో గొడవ నడిచింది, అది కూడా తెలుసుకోవాలి. సముద్రం అడుగు మట్టిలో ప్రమాదానికి ముందు నుంచీ చమురు లాంటి పదార్థాలు ఉన్నాయి. కంపెనీ డబ్బుతో పనిచేసిన శాస్త్రవేత్తలు, అవి సహజంగా నేల నుంచి ఊరే నూనె ఊటలవి అన్నారు. అంటే ఆ సముద్రం ముందే నూనెకు అలవాటు పడింది అని సూచన. ప్రభుత్వ శాస్త్రవేత్తలు కాదు, అవి బొగ్గు పొరల నుంచి కొట్టుకొచ్చినవి, బొగ్గులో బిగుసుకున్న విషం చేపలను ఏమీ చేయదు అన్నారు. యంత్రాలు రెండు పక్షాలవీ మంచివే. గీతల్లో కూడా పెద్ద తేడా లేదు. గీతకు అర్థం చెప్పే దగ్గరే దారులు వేరయ్యాయి. నా మటుకు నాకు, పరీక్ష నివేదిక చదివేటప్పుడు దాని ఖర్చు ఎవరు భరించారు అని అడగడం అనవసరపు అనుమానం అనిపించదు.

మనవాళ్ళకు దగ్గరి ఉదాహరణ 1991 నాటి గల్ఫ్ యుద్ధం. ఆ జనవరిలో ఇరాకీ సేనలు కువైట్ చమురు టెర్మినల్ వాల్వులు తెరిచాయి, ట్యాంకర్లను ఖాళీ చేశాయి. ఎంత చమురు పోయిందన్న దానిపై లెక్కలు 40 లక్షల పీపాల నుంచి 1 కోటి 10 లక్షల పీపాల దాకా ఉన్నాయి. అది దక్షిణానికి కొట్టుకుపోయి సుమారు 700 కిలోమీటర్ల సౌదీ తీరాన్ని ముంచింది. జుబైల్‌లో తాగునీరు తయారుచేసే ప్లాంటును కాపాడటానికి సముద్రంలో తేలే అడ్డుకట్టలు వేయాల్సి వచ్చింది.

అక్కడ పరీక్ష అలాస్కా కంటే కష్టం. ఒకటి, ఆ సముద్రంలో పాత నూనె బోలెడు ఉంది. ఇరాన్-ఇరాక్ యుద్ధంలో 1983లో నౌరూజ్ బావుల నుంచి కారింది, ఆ తర్వాత ట్యాంకర్ల మీద దాడుల్లో పోయింది. రెండు, కువైట్, దక్షిణ ఇరాక్, సౌదీ చమురు ఒకే ఖాందాన్. పక్కపక్కనే ఉన్న రాళ్ళలో, దాదాపు ఒకే రకం సముద్రంలో పుట్టినవి. అన్నదమ్ముల పిల్లల్లా పోలికలు కలుస్తాయి. నైజీరియా నూనెనూ గల్ఫ్ నూనెనూ విడదీయడం తేలిక, కువైట్ నూనెనూ దాని పక్కింటి నూనెనూ విడదీయాలంటే సన్నని తేడాలు వెతకాలి. ఆ పని చేయక తప్పదు, ఎందుకంటే 1991 నాటి నూనెకే పరిహారం. యుద్ధ నష్టాల కోసం ఐక్యరాజ్యసమితి జెనీవాలో పెట్టిన కమిషన్, ఇరాక్ చమురు ఆదాయం నుంచి తీసుకుని మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించింది. చివరి కిస్తీ 2022 జనవరిలో ముగిసింది. పాడైన తీరాలకు పరిహారం ఇచ్చింది ఈ కమిషనే. అప్పట్లో కువైట్ వదిలి కట్టుబట్టలతో వచ్చిన మన భారతీయ కార్మికుల క్లెయిములకు డబ్బు ఇచ్చిందీ ఇదే. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆ ఫారాలు నింపి ఉంటే వారికి గుర్తుండే ఉంటుంది.

గోవా బీచ్‌లలో వానాకాలం వచ్చిందంటే తారు ముద్దలు చెప్పులకు అంటుకుంటాయి. గల్ఫ్ నుంచి వచ్చే ట్యాంకర్ల దారి అటే, బాంబే హై బావులూ ఉత్తరాన ఉన్నాయి, కాబట్టి అనుమానం వాటి మీదకే పోతుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు ఆ ముద్దలను బాంబే హై చమురుతో, గల్ఫ్ చమురు లెక్కలతో, ఆగ్నేయాసియా చమురు లెక్కలతో పోల్చారు. 2013లో అచ్చయిన వారి అధ్యయనంలో తేలింది మూడోది. ఆగ్నేయాసియా చమురు మోసిన ట్యాంకర్లు తమ ట్యాంకులు కడిగి పారబోసిన మడ్డి అది. బయోమార్కర్లు ఒక్కటే చాలక కార్బన్ రకాల లెక్క కూడా కలపాల్సి వచ్చింది. అయితే అది ఏ ప్రాంతపు నూనో తెలిసింది గానీ ఏ ఓడదో తెలియలేదు. పోల్చి చూడటానికి ఆ ఓడ నూనె చేతిలో ఉంటేనే ఆ జవాబు వస్తుంది. దొంగ వేలిముద్ర దొరికినా, అది పోలీసుల రికార్డులో లేకపోతే పేరు తెలియదు కదా.

దొంగ అంటే గుర్తొచ్చింది. నైజీరియాలో పైపులైన్లకు కన్నాలు వేసి చమురు దొంగిలించి ఓడలకు ఎక్కిస్తారు. 2008 జులైలో అప్పటి అధ్యక్షుడు ఉమారు యార్ అదువా జీ-8 దేశాల ముందు దీన్ని రక్తపు వజ్రాలతో పోల్చి, దొంగ చమురు అమ్మకాన్ని ఆపడానికి సాయం చేయమని అడిగారు. వేలిముద్ర చూసి పట్టుకోవచ్చు కదా అన్న ఆలోచన అప్పటి నుంచీ నలుగుతూనే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఒకే బావి నూనెలో సగం చట్టబద్ధంగా, సగం దొంగతనంగా పోతే రెండింటి వేలిముద్రా ఒకటే. దొంగ సరుకును మరో దేశపు సరుకుతో కలిపేస్తే ఇంకా కష్టం. రెండు అత్తర్లు కలిపిన సీసాను ముందు పెట్టి ఏ దుకాణానిదని అడిగినట్టు ఉంటుంది. రెండు మూల నూనెల నమూనాలూ దగ్గర ఉంటే ఏది ఎంత కలిసిందో లెక్క తీయవచ్చు. లేకపోతే నివేదికలో "తేల్చలేం" అని రాయాల్సి వస్తుంది.

నిజానికి ఈ పరీక్షల నివేదికలో "ఇది వారిదే" అని ఒక్క ముక్కలో రాయరు. యూరప్ ప్రయోగశాలలు పాటించే ప్రామాణిక పద్ధతిలో నాలుగు రకాల తీర్పులు ఉన్నాయి. సరిపోయింది, బహుశా సరిపోయింది, తేల్చలేం, సరిపోలేదు. వీటిలో చివరిది చాలా గట్టి మాట. రెండు నూనెల్లో చెరగని అణువుల పాళ్ళు వేరైతే అవి ఒకటి కావడానికి వీల్లేదు, అంతే.

తీర్పు ఎంత గట్టిగా ఉంటుందన్నది చాలావరకు సీసా దగ్గరే తేలిపోతుంది. నమూనా గాజు సీసాలోనే తీయాలి. ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే ప్లాస్టిక్‌లోని రసాయనాలు నూనెలోకి దిగి గీతను చెడగొడతాయి. వెలుతురు తగలకుండా చల్లగా ఉంచాలి. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతికి ఇచ్చారు అన్నది సంతకాలతో సహా రాసి సీలు వేయాలి. ఒక్క సంతకం తప్పినా ఎదుటి వకీలు అక్కడే పట్టుకుంటాడు. అనుమానం ఉన్న ఓడ ఎక్కి ప్రతి ట్యాంకు నుంచీ వేర్వేరుగా తీయాలి, ఎందుకంటే ఒక్కో ట్యాంకులో ఒక్కో రేవులో కొన్న ఇంధనం ఉండొచ్చు.

ఒక్కోసారి ఆ శ్రమ కొంత తగ్గుతుంది. అంతర్జాతీయ మార్‌పోల్ నిబంధనల ప్రకారం ఓడ ఇంధనం నింపుకున్న ప్రతిసారీ ఒక నమూనా సీసాకు సీలు వేసి, అమ్మినవారూ ఓడ అధికారీ సంతకం పెట్టి, ఆ నూనె అయిపోయే దాకా, ఎట్లా చూసినా 12 నెలలకు తగ్గకుండా దాచాలి. నూనె కారిన ఓడ కెప్టెన్ "మాది కాదు" అంటున్న సమయానికి, ఆ మాట నిజమో కాదో చెప్పే సీసా ఆయన సంతకంతోనే భద్రంగా ఉంటుంది.